నోటి కౌలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో, కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో కొత్త రచయితల కోసం చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, లైబ్రేరియన్ గారికి, కోతలు పెట్టుకుని కూడా వచ్చిన మీ అందరికీ నమస్కారమండి.

కథలు, సినిమాలు రాయాలనుకునే పిల్లలకి అవకాశాలు ఎక్కడుంటాయో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. అంతకంటే ముందు మా నాన్న కౌలు సంగతి చెప్పాలి.

మా నాన్న రెండెకరాలు కౌలుకి చేసేవారు. నోటి కౌలు. ఆసామి మంచివాడే, ఏనాడూ మాట తప్పలేదు. ఒక ఏడు చేను కోసి పనల మీద ఉండగా తుఫాను పట్టుకుంది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగింది ఒక్కటే, "కాగితం ఏదండీ?" అని. విత్తనం నాన్నది, ఎరువు నాన్నది, వంగిన నడుం నాన్నది. పేరు మాత్రం ఆసామిది. పరిహారం ఆ పేరు మీదే వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలు రైతుకి కార్డు ఇస్తామన్నారు. దానికీ ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టాలన్నారు. ఇప్పటికీ తగువంతా కాగితం దగ్గరే.

ఇది కళ్ళారా చూసి పెరిగినదాన్ని. అయినా సినిమా కథ పట్టుకుని హైదరాబాద్ వెళ్ళినప్పుడు నేను చేసింది నోటి కౌలే.

ఒక ఆఫీసులో రెండున్నర గంటలు కథ చెప్పాను. వాళ్ళు దాన్ని నెరేషన్ అంటారు. నా చేతిలో ఒక నోట్‌బుక్కు, అందులో సీన్ల పేర్లు నాలుగు పేజీలు. మిగతాదంతా నా నోట్లోనే ఉంది. పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం గబగబా రాసుకుంటూనే ఉన్నాడు. "చాలా బాగుందండీ, కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు. రెండేళ్ళ తరవాత మా అక్కతో సినిమాకి వెళ్తే, విశ్రాంతికి ముందు సీను నాదే. వానలో రేవు దగ్గర, వచ్చే కొడుకు కోసం మడిచిన గొడుగు పట్టుకుని తాను తడుస్తూ నిలబడ్డ తల్లి. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ కథ నేను ముందు చెప్పింది దానికే.

ఇద్దరికి ఒకే ఊహ రావచ్చు. అందుకే ఎవరినీ దొంగ అనను. కానీ అడగడానికైనా నా దగ్గర ఏముంది? తేదీ వేసిన ఒక్క పేజీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను, మీలో ఎవరికీ ఆ రాత్రి రాకూడదని.

చట్టం ఏమంటుందో వినండి. ఊహకి కాపీరైట్ లేదు. ఆ ఊహకి మీరిచ్చిన రూపానికే కాపీరైట్. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. "పల్లెటూరి తల్లి, పట్నం కొడుకు" అనేది ఎవరి సొత్తూ కాదు. ఆ తల్లి ఎలా నడిచింది, ఏ మాట అంది, ఏ వరసలో ఏం జరిగింది అని మీరు రాసింది మీ సొత్తు. రాసిన క్షణం నుంచే అది మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, తగువు వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైటులో సాహిత్య రచనకి 500 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టచ్చు. డైరీ నంబరు ఇస్తారు. అభ్యంతరాలుంటే చెప్పడానికి 30 రోజులు ఆగి, తరవాత పరిశీలిస్తారు. సినిమా స్క్రిప్టు అయితే ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుని ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసుకోవచ్చు. అక్కడ హిందీ వాళ్ళే కాదు, మన భాషలో రాసేవాళ్ళూ చేరచ్చు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. కవరులో పెట్టి మనకి మనమే రిజిస్టర్ పోస్టు చేసుకోవడం అనే పాత చిట్కా మీద మాత్రం నాకు నమ్మకం లేదు. 500 రూపాయల దగ్గర పొదుపు చెయ్యకండి.

కథ అమ్మేటప్పుడు కూడా అంతే. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే ఇచ్చినట్టు, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ఇది. పేరు తెర మీద వేస్తారా లేదా అన్నది కూడా ఆ కాగితంలోనే రాయించుకోండి. "మన మధ్య కాగితాలెందుకమ్మా" అని ప్రేమగా అంటారు. ఆ ప్రేమకి నమస్కారం పెట్టి, కాగితం అడగండి.

కాపాడుకోవడం సరే, రాసినదాన్ని ఎక్కడికి పంపాలి అంటారా?

మీరు కూర్చున్న ఈ గది నుంచే మొదలుపెడదాం. మీ ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఈ బీరువాలు మీ అమ్మానాన్నల డబ్బుతో నిండినవి. దినపత్రికల ఆదివారం అనుబంధాలన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. కథ పంపే ముందు అదే అనుబంధంలో పది వారాల కథలు చదవండి. ఎంత నిడివి వేస్తున్నారు, ఎలాంటి కథ వేస్తున్నారు అన్నది వాళ్ళు చెప్పకుండానే తెలుస్తుంది. ఆరు పేజీల కథలు వేసే చోటికి పదహారు పేజీలు పంపి, మన ప్రాంతమంటే చిన్నచూపని బాధపడేవాళ్ళని చూశాను. అది చిన్నచూపు కాదు, వాళ్ళకి స్థలం లేదు.

కథ యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్లోనైనా ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే తెలుగు అక్షరాల్లో, టైపు చెయ్యండి. ఫోన్లోనే చెయ్యచ్చు. చివర హామీ పత్రం రాయండి: ఇది నా సొంత కథ, అనువాదమో అనుకరణో కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని. ఆ చివరి మాట నిజంగా పాటించండి. ఒకే కథ ఒకే వారం రెండు పత్రికల్లో వస్తే మీ పేరు ఆ రెండు చోట్లా పోతుంది. పంపినది ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ కథ, ఎక్కడికి, ఏ తేదీన అని. మూడు నెలలు చూసి, ఒక మర్యాదైన ఉత్తరం రాసి, వేరేచోటికి పంపండి. నా పుస్తకంలో మొదటి పదకొండు వరసల పక్కన "రాలేదు" అనే ఉంది. పన్నెండోది అచ్చయింది.

అచ్చు పత్రికలు తగ్గిపోయాయి, నిజమే. విపుల, చతుర 2021లో ఆగిపోయినప్పుడు మా ఇంట్లో మనిషి పోయినట్టనిపించింది. కానీ ఈమాట 1998 నుంచి ఇంటర్నెట్‌లో నడుస్తూనే ఉంది, సారంగ ఉంది. సంపాదకులు చదివి, మార్పులు చెప్పి వేసుకునే చోట్లు ఇవి. ఎవరికి వాళ్ళు పెట్టుకునే యాప్‌లు కూడా ఉన్నాయి. పాఠకులు దొరుకుతారు, తప్పు లేదు. కాకపోతే దిద్దేవాళ్ళు దొరకరు. మొదటి రెండేళ్ళు మనకి కావలసింది దిద్దే చెయ్యే అని నా అభిప్రాయం. కథలు వెతకాలంటే, కాళీపట్నం రామారావు మాస్టారు శ్రీకాకుళంలో 1997లో పెట్టిన కథానిలయం ఉంది. ఇంటికి దగ్గర్లో రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. ఒక్కరోజు బస్సెక్కి వెళ్ళండి, పాత పత్రికల వాసనకే రాయాలనిపిస్తుంది.

ముప్ఫై దాటనివాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వ ప్రచురణ సంస్థ నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ అనే పథకం 2021లో మొదలైంది. మొదటి విడతలో 75 మందిని తీసుకుని ఆరు నెలల పాటు నెలకి 50,000 రూపాయలు ఇచ్చారు. అనుభవజ్ఞుల చేత దిద్దించి పుస్తకం వేశారు, రాయల్టీ 10 శాతం. తెలుగులో రాయచ్చు. ప్రతి విడతకీ ఒక అంశం ఉంటుంది, ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండాలి. పుస్తకం వచ్చినవాళ్ళకి, 35 లోపు, సాహిత్య అకాడమీ యువ పురస్కారం ఉంది. సినిమా వైపు వెళ్ళేవాళ్ళకి జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ, అదే ఎన్‌ఎఫ్‌డీసీ, పెట్టే స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్. ఎంపికైన స్క్రిప్టుని పెద్ద రచయితలు మీ పక్కన కూర్చుని మెరుగుపెట్టిస్తారు. దరఖాస్తు ఇంగ్లీషులో పెట్టాలి, భయపడకండి, ఇంగ్లీషు మాస్టార్లు ఈ సభలోనే ఉన్నారు. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే చదువుంది, చిన్న చిన్న కోర్సులూ పెడుతుంటారు. వీటన్నిటిలో ఒక్కటి గమనించండి. ఏ ఒక్కరూ "వచ్చి చెప్పండి" అనడం లేదు. అందరూ పేజీలే అడుగుతున్నారు. డబ్బు కడితే మీ కథ సినిమా తీస్తామనేవాళ్ళు మాత్రమే పేజీలు అడగరు. వాళ్ళ గడప తొక్కకండి.

మన జిల్లాల వాళ్ళకి ఇంకో బడి ఉంది. నాటక పరిషత్తు, అంటే నాటికల పోటీలు. గంటసేపు నాటిక, నాలుగు పాత్రలు, ఒకటే ఇంటి సెట్టు. అందులో మీ మాట పండిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు. జనం దగ్గడం మొదలుపెడితే ఆ సీను సాగదీశారన్నమాట. పాలకొల్లు దాసరి నారాయణరావు గారు నాటకాల నుంచే సినిమాకి వెళ్ళారు. మీ ఊళ్ళో నాటిక వేసేవాళ్ళుంటే ప్రాంప్టింగ్ చెప్పడానికైనా, అంటే తెర చాటు నుంచి మాటలు అందించడానికైనా, వెళ్ళండి. మాట నోట్లో ఎక్కడ తట్టుకుంటుందో వింటే తెలుస్తుంది.

అచ్చయిన కథ సినిమాకి దారి చూపిస్తుందా అని పొద్దున్న ఒకబ్బాయి అడిగాడు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారి "సాక్షి" ముందు కథ. తరవాతే 1967లో బాపు గారు పులిదిండిలో తీసిన సినిమా. పసలపూడి వంశీ గారి నవల "మహల్లో కోకిల" 1984లో "సితార" అయింది. కాకినాడ కాలేజీలో సైన్సు చెప్పిన పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన"కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆయన తరవాత సినిమాలకీ రాశారు. ముందు అచ్చులో పేరు, తరవాత తెర మీద.

కథ వేరు, స్క్రిప్టు వేరు. ఆ తేడా చూపించి ముగిస్తాను.

డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి పొద్దున్న నాకు నోట్‌బుక్కు ఇచ్చింది. తల్లి కువైట్ వెళ్తోంది, ఇంటి పనికి. తండ్రి నర్సాపురంలో రైలెక్కించి, పంటు మీద, అంటే రేవు దాటించే పెద్ద పడవ మీద, తిరిగి వస్తున్నాడు. ఆ అమ్మాయి రాసింది: "ఆఖరి పంటులో ఒంటరిగా వస్తుంటే అతని గుండె బరువెక్కింది. ఇరవై ఏళ్ళ కాపురం కళ్ళ ముందు కదిలింది." కథలో చెల్లుతుంది. కెమెరా దగ్గర చెల్లదు. గుండె బరువు కెమెరాకి కనపడదు కదా. "అతనేం చేశాడమ్మా, చేతులతో ఏం చేశాడు?" అని అడిగాను. కాసేపు ఆలోచించింది. మధ్యాహ్నానికి మార్చి తెచ్చింది.

సీన్ 14. బయట. సాయంత్రం. నర్సాపురం రేవు. తండ్రి టికెట్టు కిటికీలో డబ్బు పెట్టి "రెండు" అంటాడు. రెండు టికెట్లు వస్తాయి. వాటి వంక చూస్తాడు. వెనకున్న ఆవిడ "జరగండి బాబూ" అంటుంది. తిరిగి ఇవ్వడు. ఒకటి చేతిలో ఉంచుకుంటాడు. రెండోది మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటాడు.

అంతేనండి. "బరువు" అన్న మాట లేదు. ఏడుపు లేదు. "ఆయ్" అన్న మాటా లేదు. గోదావరి యాస అంటే ప్రతి మాట చివరా ఆయ్ తగిలించడం అనుకుంటున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. రొయ్యల చెరువు కాపలావాడు మాట్లాడేది వేరు, కొబ్బరి దింపు తీసేవాడిది వేరు, కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడమనిషి మాటలో అరబ్బీ ముక్కలు దొర్లుతాయి. వాళ్ళ మాటలు ఎవరూ రాయలేదు. అది మీ పొలం, కాగితం మీ పేరు మీద పెట్టుకోండి.

లెక్క కోసం ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం అనుకోండి. నచ్చిన సినిమా ఆపుతూ ఆపుతూ చూసి, ప్రతి సీనూ ఒక్కో వాక్యంలో రాయండి. సీన్ ఆర్డర్, అంటే సీన్ల వరస, ఏమిటో చేతికి తెలుస్తుంది.

లైబ్రేరియన్ గారు ప్రతి నెలా రెండో ఆదివారం పది గంటలకి ఈ గది తెరిచి ఉంచుతామన్నారు. నేను వస్తాను. ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. కథ చెప్పద్దు, పేజీలు తెండి. పైన తేదీ, కింద మీ పేరు. చదివి, ఎర్ర సిరాతో గీసి ఇస్తాను.

ఆ రెండు టికెట్ల అమ్మాయి వెనక బెంచీలో ఉంది. నేను చదివింది ఒక్క సీనే, ఆ తరవాతది కూడా రాసిందట. మైకు ఇటివ్వండి బాబూ. రామ్మా, నువ్వే చదువు.