ఫాంగ్ జీ: ఒక్క పేరు ఎంతమంది కిడ్నీలు మింగింది?

ఫాంగ్ జీ. చైనా మూలికల పేర్లలో వచ్చే మాట ఇది. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోండి. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో దాదాపు వందమంది ఆడవాళ్ళ కిడ్నీలు పాడు చేసింది ఈ పేరే. అవును, పేరే!

పోయిన వీడియోలో చైనా మూలికల్లో విషం ఉందంటే "వేల ఏళ్ళ వైద్యం, నీకేం తెలుసురా" అని తెగ తిట్టారు. తిట్టండి, పర్లేదు. ముందు ఇది వినండి.

1990లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే క్లినిక్ ఒకటి, తన మందులో రెండు చైనా మూలికలు కొత్తగా కలిపింది. అందులో ఒకటి హాన్ ఫాంగ్ జీ, అంటే స్టెఫానియా. నిజంగా అదే వచ్చి ఉంటే ఇవాళ ఈ వీడియోనే లేదు. దాని బదులు వచ్చింది గువాంగ్ ఫాంగ్ జీ, అంటే అరిస్టోలోకియా అనే వేరే మొక్క. రెండిటి పేర్లలోనూ ఫాంగ్ జీ ఉంది, అక్కడే తారుమారైంది. కొట్లోకెళ్ళి "పప్పు ఇవ్వండి" అంటే కందిపప్పు కడతాడా, పెసరపప్పు కడతాడా? మనకైతే చారు రుచి మారుతుంది. వాళ్ళకి డయాలసిస్ వచ్చింది!

1992లో యాభై కూడా నిండని ఇద్దరు ఆడవాళ్ళు, కిడ్నీలు గబగబా పాడైపోతూ ఆస్పత్రికొచ్చారు. క్లినిక్ ఇచ్చిన ఆ మూలికల పొడుల్ని ల్యాబ్‌లో చూస్తే అరిస్టోలోకిక్ ఆమ్లం, అంటే అరిస్టోలోకియా మొక్కల్లో ఉండే, కిడ్నీల్ని పాడుచేసే విషం. అక్కడితో అయిపోలేదండీ. పని చేయని కిడ్నీలు, మూత్రనాళాలు ముందుజాగ్రత్తగా తీయించుకున్న 39 మందిలో 18 మందికి క్యాన్సర్ బయటపడిందని 2000లో తేలింది. పద్దెనిమిది!

ఇప్పుడు నా థియరీ. "సీసం లేదు, ఆర్సెనిక్ లేదు" అని సర్టిఫికెట్ ఊపుతారు చూడండి, దాంతో నాకు ఒళ్ళు మండుతుంది. అరిస్టోలోకిక్ ఆమ్లం కోసం వెతికావా నాయనా? వెతకనిది ల్యాబ్‌లో ఎలా దొరుకుతుంది? అసలు ముందు అడగాల్సింది, డబ్బాలో ఉన్న మొక్క ఏది అని.

ఆస్ట్రేలియా వాళ్ళు అడిగారు. అడిలైడ్ కొట్లలో కొన్న 26 చైనా మందుల్ని డీఎన్ఏతో, రసాయన పరీక్షలతో జల్లెడ పట్టి 2015లో ఫలితం చెప్పారు. 92 శాతంలో ఏదో ఒక కల్తీయో, మార్పిడో! కొన్నిట్లో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, పారాసెటమాల్. మూలికల మందులో పారాసెటమాల్ ఏంటండీ, తలనొప్పి తగ్గక ఏం చేస్తుంది? ఒకదాంట్లో అయితే మంచుచిరుత డీఎన్ఏ. నవ్వాలో ఏడవాలో తెలీదు.

కానీ డీఎన్ఏ ఒక్కటే చాలదు. బాగా మరిగించి తీసిన సారంలో డీఎన్ఏ మిగలకపోవచ్చు. విషం ఎంతుందో మాస్ స్పెక్ట్రోమెట్రీ, అంటే అణువుల బరువుని బట్టి రసాయనాల్ని గుర్తుపట్టే పరీక్ష, కొలవాలి. రెండూ చేస్తేనే నేను నమ్ముతా.

"అదంతా చైనా గొడవ" అంటారా? మన చేలగట్ల మీద గాడిదగడపాకు ఉంటుంది. పాముకాటుకి ఈశ్వరి వేరంటారు. రెండూ అరిస్టోలోకియాలే! మీ ఊళ్ళో వీటిని ఏమని పిలుస్తారో కింద రాయండి. ఎన్ని పేర్లొస్తాయో చూద్దాం.