ఎడారి మధ్యలో ఓటీపీ అడిగే గాలి పంపు | డెత్ వ్యాలీ రేస్‌ట్రాక్ రోడ్డు, లిప్పిన్‌కాట్ గని

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ గాలి పంపు నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళే ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను. పేరు డబ్బా మీద మీకు కనబడుతూనే ఉంది, నా నోటితో మాత్రం పలకను.

మోటారు ఎన్ని వాట్లు, నిమిషానికి ఎంత గాలి, బరువెంత... ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు. వాళ్ళంతా ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి టెస్ట్ చేశారు. నేను డెత్ వ్యాలీ తీసుకెళ్ళాను, అమెరికాలో కాలిఫోర్నియా వైపు ఉన్న ఎడారి నేషనల్ పార్కు అది. రేస్‌ట్రాక్ అనే ఎండిపోయిన చెరువుకు పోయే రోడ్డు పట్టుకుని లిప్పిన్‌కాట్ సీసం గని దాకా.

రోడ్డు సంగతి తెలియకపోతే పంపు సంగతి అర్థం కాదు. యూబిహీబీ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి రేస్‌ట్రాక్ దాకా సుమారు 27 మైళ్ళు మట్టిరోడ్డే. మట్టిరోడ్డు అంటే మన ఊళ్ళో పొలాలకెళ్ళే బాట గుర్తుకొస్తుందేమో, అది చాలా నయం. ఇక్కడ రోడ్డుకు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి, అంగుళం రెండంగుళాల ఎత్తున మైళ్ళ కొద్దీ మిట్టలుంటాయి. వాష్‌బోర్డ్ అంటారు. చక్రాలు ఎగిరెగిరి పడటం వల్లే ఏర్పడతాయి, ఒక్కసారి మొదలైతే వచ్చిన ప్రతి బండీ ఇంకాస్త పెంచి పోతుంది. పైగా మధ్యమధ్యలో అంచులు పైకి తేలిన రాళ్ళు.

టైర్లలో మామూలుగా ఉండే 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తోనే దీనిమీద వెళితే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి, డాష్‌బోర్డు మీద పెట్టిందేదీ నిలవదు, స్క్రూలు వదులైపోతాయి. అందుకే తారు అయిపోయిన చోటే బండి ఆపి గాలి దించాలి. నేను 22 కి దించుతాను. టైరు నేల మీద బాగా పరుచుకుంటుంది, రాయి తగిలితే గట్టిగా ఎదురుతిరగకుండా దాని చుట్టూ వంగుతుంది. కుదుపు సగానికి సగం టైరులోనే ఆగిపోతుంది. అలాగని మరీ 12, 15 కి దించేస్తే రాళ్ళ రోడ్డు మీద ప్రమాదం. టైరు పక్కగోడ బయటికి ఉబ్బుతుంది, రాయి అక్కడ కోసిందంటే ప్యాచ్ వేసే పని కూడా ఉండదు. 15 అనేది ఇసుకలో పనికొచ్చే లెక్క. గాలి దించాక వేగం కూడా తగ్గాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

అంత దించాక మళ్ళీ కొట్టుకోవాలి కదా. 22 తోనే తారు రోడ్డెక్కి అరవైలో పోతే టైరు వేడెక్కి పాడవుతుంది. దగ్గర్లో పంక్చర్ షాపు లేదు. ఫోన్ సిగ్నల్ లేదు. టో ట్రక్కు వస్తే వేల డాలర్ల బిల్లు అవుతుందని ఇక్కడ తిరిగేవాళ్ళందరికీ తెలుసు. నమ్మకంగా గాలి కొట్టే పంపు ఉంటేనే ధైర్యంగా దించగలం. పంపు మీద అనుమానం ఉంటే "ఎందుకొచ్చింది లే" అని 35 తోనే పోతాం, ఆ రాయి మీద టైరు చింపుకుంటాం. పంపు వల్ల అసలు లాభం వెళ్ళేటప్పుడే ఉంది, వచ్చేటప్పుడు కాదు.

టైర్ల గురించి ఇంత గోల ఎందుకంటారా? 1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, అద్దెకు తీసుకున్న మినీవ్యాన్‌తో ఈ పార్కులోకే వెళ్ళారు. ఆ బండి అక్టోబర్‌లో ఆన్విల్ కాన్యన్‌లో దొరికింది, మూడు టైర్లు పోయి ఉంది. మనుషుల ఆనవాళ్ళు దొరికింది 2009 లో. అది మట్టిరోడ్డు కోసం చేసిన బండి కాదు, అది జూలై నెల. 1913 జూలైలో ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైన లోయ అది. మన లెక్కలో 56.7 సెల్సియస్. నేను చలికాలం మొదలయ్యాక తప్ప ఈ వైపు మట్టిరోడ్లకు పోను.

లాస్ వేగాస్‌లో దిగి ఎస్‌యూవీ అద్దెకు తీసుకుని ఇటు వద్దామనుకునే మనవాళ్ళు ఒక్కమాట వినండి. మామూలు అద్దె కంపెనీల కాంట్రాక్టులో మట్టిరోడ్డు మీద నడపకూడదనే ఉంటుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ అని వెనక రాసున్నా సరే. డెత్ వ్యాలీ లోపల జీపులు అద్దెకిచ్చేవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర తీసుకోండి. స్టెప్నీ కూడా చూసుకోండి. సన్నగా చిన్నగా ఉండే స్టెప్నీ ఈ రోడ్డుకు లెక్కలోకి రాదు, ఫుల్ సైజుదే కావాలి.

సరే, పంపు. నా పాత పంపు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునేది. ఆ సాకెట్ ఫ్యూజు మామూలుగా 15 ఆంపులు, అంటే 180 వాట్ల దగ్గర ఆగిపోతుంది. అంత కరెంటుతో పెద్ద జీపు టైరు నిండాలంటే టీ పెట్టుకుని తాగేసి రావచ్చు. అది కూడా రెండో టైరు మధ్యలో వేడెక్కి దానంతట అదే ఆగిపోయేది. చల్లారేదాకా దాని పక్కన కూర్చోవాలి. కొత్తదానికి బ్యాటరీ క్లిప్పులున్నాయి. బానెట్ ఎత్తి నేరుగా తగిలించడమే, ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టాలి. 33 అంగుళాల టైరు 22 నుంచి 35 కి రావడానికి మూడు నిమిషాల చిల్లర పట్టింది. నాలుగు టైర్లూ వరసగా కొట్టినా ఆగలేదు. ఇక్కడిదాకా నాకు దీనిమీద ప్రేమే.

గొట్టం కొసన ఇత్తడి బిగింపు మాత్రం చూడండి, దగ్గరగా చూపిస్తున్నా. వాల్వ్ మీద తిప్పి బిగించే రకం. గాలి కొట్టడం అయ్యేసరికి ఈ ఇత్తడి ముక్క పట్టుకోలేనంతగా కాలుతుంది. విప్పాలంటే నాలుగు చుట్లు తిప్పాలి. మొదటి చుట్టుకే తుస్సుమని గాలి పోవడం మొదలవుతుంది, వేళ్ళేమో కాలుతుంటాయి. తువ్వాలు కొస పట్టుకుని తిప్పితే తువ్వాలు జారిపోతుంది. 35 కొట్టింది విప్పేసరికి 34 అవుతుంది. గుచ్చి మీట వాల్చే రకం పెట్టి ఉంటే ఈ బాధే లేదు. ఇదైనా సర్దుకోవచ్చు, వేరే బిగింపు కొని మార్చుకోవచ్చు.

సర్దుకోలేనిది యాప్.

పంపు మీద ఒకే ఒక బటన్ ఉంది, ఆన్, ఆఫ్. ఎంత గాలి కావాలో చెప్పాలంటే ఫోన్‌లో యాప్ తెరవాలి. ఎంతకు దించాలో చెప్పాలన్నా యాపే. ఇంట్లో ఉన్నప్పుడు అద్భుతంగా ఉంది, ఒప్పుకుంటాను. 22 అని నొక్కితే దానంతట అదే దించి, ఆగి, ఒకసారి కొలిచి, మళ్ళీ కాస్త దించి, సరిగ్గా 22 దగ్గర కూత పెడుతుంది. వెళ్ళేటప్పుడు క్రేటర్ దగ్గర కూడా అలాగే చేసింది. మా బావ తన బండికి చేత్తో వాల్వ్ నొక్కుకుంటూ కూర్చుంటే నేను కుర్చీ వేసుకుని కమలాపండు తిన్నాను.

రోడ్డు 20 మైళ్ళు దాటాక టీకెటిల్ జంక్షన్ వస్తుంది. ఆ బోర్డుకు జనం టీ కెటిళ్ళు వేలాడదీసి పోతుంటారు, ఫొటో ఇదిగో. అది దాటాక రేస్‌ట్రాక్. ఎండిపోయిన చెరువు, అద్దంలా చదును, దానిమీద రాళ్ళు, వాటి వెనక అవి జరిగిన గీతలు. ఆ రాళ్ళు ఎలా జరుగుతాయో 2014 లో తేల్చారు. చలికాలం పల్చగా నీళ్ళు నిలిచి మంచు కడుతుంది, ఎండకు ఆ మంచు పలకలు విరిగి, చిన్నపాటి గాలికే కదులుతూ రాళ్ళను నెట్టుకుపోతాయి. తడిగా ఉంటే దాని మీద కాలు పెట్టకండి, అడుగులు ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. బండి ఎక్కించడం ఎప్పుడూ నిషేధమే. ఎక్కించిన ఘనులున్నారు, ఆ చక్రాల గుర్తులు ఇంకా కనబడుతున్నాయి.

చెరువుకు దక్షిణాన ఇంకాస్త ముందుకు పోతే లిప్పిన్‌కాట్ గని. సీసం తవ్వారిక్కడ. కొండ వాలున తవ్విపోసిన రాతిపొడి కుప్పలు, తుప్పు పట్టిన రేకులు, కొండలోకి పోయే సొరంగాల నోళ్ళు. మాది కుప్పం వైపు అండి, కోలార్ గనులు మాకు దగ్గరే. చిన్నప్పుడు బస్సులోంచి కేజీఎఫ్ సైనైడ్ దిబ్బలు, అంటే బంగారం తీశాక మిగిలిన రాతిపొడి గుట్టలు, చూస్తూ పెరిగినవాణ్ణి. మా చుట్టాల్లో ఆ గనుల్లో దిగినవాళ్ళున్నారు, 2001 లో మూతపడేదాకా. అందుకేనేమో ఇలాంటి చోటికొస్తే నాకు టూరిస్టు సరదా అంతగా ఉండదు. ఆ కుప్ప ఎంత ఎత్తుందో చూసి లోపల ఎంత లోతుందో లెక్కేసుకుంటాను.

లోపలికి మాత్రం పోకండి. కామెంట్లలో ఎప్పుడూ అడుగుతారు, "అన్నా, టార్చ్ ఉంటే పోవచ్చా" అని. పోకూడదు తమ్ముడూ. నడిచే నేల మీద పలకలు పరిచి ఉంటాయి, అవి ఎప్పుడో పుచ్చిపోయాయి, వాటికింద నిలువు గొయ్యి ఉండొచ్చు. ఆక్సిజన్ లేని గాలి కంటికి కనబడదు, వాసన రాదు. పాత డైనమైట్ వదిలేసి పోయిన గనులున్నాయి. అది పాతబడేకొద్దీ ఇంకా ప్రమాదం. "స్టే ఔట్, స్టే అలైవ్" అని బోర్డులు పెట్టింది ఊరికే కాదు. కొన్ని నోళ్ళకు ఇనప ఊచలు బిగించారు, అవి మనల్ని ఆపడానికీ, గబ్బిలాలకు దారి ఉంచడానికీ. బయటపడున్న మేకు కూడా జేబులో వేసుకోకూడదు, నేషనల్ పార్కులో అది నేరం.

అక్కడే, ఆ గని దగ్గర, యాప్ నా కొంప ముంచింది. మర్నాడు లిప్పిన్‌కాట్ రోడ్డు మీదుగా సలీన్ వ్యాలీలోకి దిగుదామని ప్లాన్. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, ఎదురుగా బండొస్తే ఎవరో ఒకరు వెనక్కి ఎక్కాల్సిందే. దానికి ఇంకో రెండు పీఎస్ఐ దించుదామని యాప్ తెరిచాను. "మీ సెషన్ ముగిసింది, దయచేసి మళ్ళీ లాగిన్ అవ్వండి." పాస్‌వర్డ్ కొట్టాను. "మీ ఫోన్‌కు కోడ్ పంపాం." ఎక్కడికి పంపారండీ? ఒక్క గీత సిగ్నల్ లేదు! నా దగ్గరున్న శాటిలైట్ పరికరంలో ఇంటికి మెసేజ్ పోతుంది, ఆపదలో సాయం అడగొచ్చు, ఈ కోడ్ మాత్రం రాదు.

"బావా, ఇక్కడికి ఓటీపీ వస్తుందంటావా?" అన్నాను.

"వస్తుంది బావా, గాడిద మీద వస్తుంది" అన్నాడు.

తెలియనివాళ్ళకు, గనుల కాలంలో వదిలేసిన గాడిదల సంతతి ఈ చుట్టుపక్కల అడవి గాడిదలై తిరుగుతోంది. మనవాడి జోకు ఊరికే పోలేదు, సలీన్ వ్యాలీలో అవి నిజంగానే ఎదురొచ్చాయి.

చివరికి ఏం చేశానంటే, పాత ఇత్తడి గేజీ తీసి చేత్తో దించుకున్నాను. బ్యాటరీ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, సూది తిరుగుతుంది అంతే. తిరిగొచ్చేటప్పుడు ఇంకో తమాషా. యాప్ లేకపోతే ఈ పంపు కంపెనీ పెట్టిన నంబరు దాకా కొడుతూనే ఉంటుంది, అది నా టైర్లకు కావాల్సినదానికన్నా ఎక్కువ. కాబట్టి ఒక చేత్తో గేజీ, ఒక చెయ్యి బటన్ మీద, పక్కనే నిలబడి ఆపాల్సి వచ్చింది. సింగిల్ బటన్‌తో ఎంత సింపుల్‌గా ఉందో అని వాళ్ళ ప్రకటనలో ఉంది. నాకు లెడ్‌ఫీల్డ్ గుర్తొచ్చింది. ఈ పార్కులోనే టైటస్ కాన్యన్ దారిలో ఉంటుంది ఆ ఊరు. సి.సి. జూలియన్ అని లాస్ ఏంజెలిస్ పెద్దమనిషి, బ్రహ్మాండమైన సీసం గని అని ప్రచారం చేసి షేర్లు అమ్మాడు. 1926 ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు, 1927 జనవరిలో మూసేశారు. నాలుగు రేకుల షెడ్లు మిగిలాయి. రోడ్డు మాత్రం చక్కగా వేశారు, అది ఒప్పుకోవాలి. 2023 ఆగస్టు వరదలకు ఈ పార్కు రోడ్లు చాలా కొట్టుకుపోయాయి, అటు పోవాలంటే తెరిచారో లేదో పార్కు వాళ్ళ సైట్లో చూసుకునే బయల్దేరండి.

ఇక కొనాలా వద్దా. మోటారు నాకు తెలిసినవాటిలో చాలా మంచిది. సంచి బాగుంది, గొట్టం వెనక టైరు దాకా తేలిగ్గా అందుతుంది. ఊళ్ళో వాడుకునేవాళ్ళకు, హైవే మీద తిరిగేవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. కానీ ఇలాంటి రోడ్లకు దీన్ని నమ్ముకుని వెళ్ళమని నేను చెప్పను. ఇదే కంపెనీ పాత మోడల్ ఒకటుంది, ఇదే మోటారు, మీద సూది గేజీ, ప్లస్సు మైనస్సు బటన్లు, యాప్ లేదు, ధర కూడా తక్కువ. మా బావ అదే కొన్నాడు, ఇది నాకొద్దు పొమ్మన్నాడు. మిగిలిన డబ్బుతో ఒక ఇత్తడి గేజీ, టైరు ప్యాచ్ కిట్టు కొనుక్కోండి.

లాగిన్ లేకుండా పనిచేసేలా మార్చమని కంపెనీకి మెయిల్ రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. మీ సూచనకు కృతజ్ఞతలు, దయచేసి ఈ విషయం మా యాప్‌లో రేటింగ్ రూపంలో తెలపండి అని. రేటింగ్ ఇవ్వాలంటే ముందు లాగిన్ అవ్వాలట.