అరకు ఘాట్‌లో ఒక లెక్క, హైదరాబాద్ హైవేలో ఒక లెక్క

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ద్వారకానగర్‌కి ఇంతమంది వచ్చారంటే, కారు మార్చాలన్న ఆలోచన విశాఖలో చాలా ఇళ్లలో నడుస్తోందన్నమాట. దూరప్రయాణాలకు ఎలక్ట్రిక్ కారు మేలా, హైబ్రిడ్ మేలా అన్నదే ఈరోజు మన విషయం. నేను నాలుగేళ్లుగా ఈవీ, అంటే బ్యాటరీ మీదే నడిచే ఎలక్ట్రిక్ కారు, నడుపుతున్నాను. మా బావగారిది స్ట్రాంగ్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు, కొంతదూరం ఒంటరిగా కారును నడపగల మోటారు, చిన్న బ్యాటరీ ఉన్న కారు. రెండు కార్లూ కలిసి చాలా ఊళ్లు తిరిగాయి.

ముందు అరకు సంగతి చెబుతాను. కార్తీకమాసంలో పిల్లలతో వెళ్లాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే నా బ్యాటరీ శాతం చూస్తుండగానే పడిపోతోంది. మా ఆవిడకి ఒకటే టెన్షన్, "తిరిగి ఇంటికి చేరతామా?" అని. తిరుగు ప్రయాణంలో గాలికొండ దగ్గర 38 శాతం ఉంది. కిందికి దిగి ఎస్.కోట చేరేసరికి 40 అయింది! పాతిక కిలోమీటర్లకు పైగా నడిచిన కారులో ఛార్జింగ్ తగ్గకపోగా పెరిగింది.

ఇందులో మాయ ఏమీ లేదు. మనుషులతో కలిపి 1,800 కిలోల బండి వెయ్యి మీటర్లు కిందికి దిగితే దాదాపు 5 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి విడుదలవుతుంది. పెట్రోలు కారులో అది బ్రేకుల్లోనూ, ఇంజిన్ రాపిడిలోనూ వృథాగా పోతుంది. ఈవీలో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి, అందులో చాలా భాగాన్ని బ్యాటరీలోకి తిరిగి నింపుతుంది. హైబ్రిడ్‌కీ ఈ విద్య వచ్చు, కానీ దాని బ్యాటరీ చిన్నది. మా బావగారి కారులో ఉన్నది ముప్పావు యూనిట్ మాత్రమే. నాలుగు మలుపులు తిరిగేసరికి నిండిపోయింది. ఆ తర్వాత ఇంజిన్ పెద్దగా మోత పెట్టడం మొదలెట్టింది. బండి చెడిపోయిందని మా అక్క కంగారుపడింది. నిజానికి అది ఇంజిన్ బ్రేకింగ్. మిగులు శక్తిని దాచే చోటు లేక, ఇంజిన్‌ను ఊరికే తిప్పి కారు వేగాన్ని అదుపు చేస్తోంది.

ఈవీ ఉన్నవాళ్లకు ఒక్క జాగ్రత్త. కొండ మీద నూటికి నూరు శాతం ఛార్జ్ చేసి దిగకండి. బ్యాటరీలో చోటు లేకపోతే కరెంటు తిరిగి రాదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఎనభై, ఎనభై అయిదు దగ్గర ఆపేయండి.

ఇక హైదరాబాద్. ఇక్కడి నుంచి 620 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బావగారు ట్యాంకు నింపి బయల్దేరితే మధ్యలో బంకు వైపు చూడక్కర్లేదు. నాకు రెండుచోట్ల ఛార్జింగ్ తప్పదు. ఒక్కోచోట ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. పగటిపూట అది పెద్ద ఇబ్బంది కాదు, ఎలాగూ టిఫిన్‌కీ భోజనానికీ ఆగుతాం కదా. ఇబ్బందల్లా రాత్రిపూట. ఒకసారి రాజమండ్రి దాటాక హైవే పక్కన ఒక హోటల్లో ఆగాం. యాప్‌లో ఛార్జర్ ఖాళీ అని చూపిస్తోంది. తీరా వెళితే స్క్రీన్ చీకటిగా ఉంది, పలికే నాథుడు లేడు. బ్యాటరీ 14 శాతం. వెనక సీట్లో మా అమ్మ నిద్రపోతోంది. మరో ఛార్జర్ దాకా ఏసీ ఆపేసి, గంటకు అరవై వేగంతో నడిపిన ఆ అరగంట నేను మర్చిపోలేను. ఆ రోజు నుంచి 30 శాతం లోపుకి రాకముందే ఆగుతాను. ఒకటే ఛార్జింగ్ గన్ ఉన్న స్టేషన్‌ను నమ్ముకోను.

వేగం కూడా చూసుకోవాలి. కారుకు ఎదురయ్యే గాలి ఒత్తిడి వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. 80లో వెళ్లే కారును 110లో తోలితే గాలిని చీల్చడానికే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. అందుకే కంపెనీ చెప్పిన రేంజ్ హైవే మీద రాదు. హైబ్రిడ్‌కి కూడా మద్దిలపాలెం ట్రాఫిక్‌లో వచ్చే అసలు లాభం హైవేలో రాదు, ఎందుకంటే అది ఎక్కువగా ఆదా చేసేది ఆగి ఆగి, బ్రేకులు వేస్తూ వెళ్లే చోట. అన్నట్టు, మైల్డ్ హైబ్రిడ్ అని అమ్మేవాటిని ఇందులో కలపకండి. వాటిలో చిన్న మోటారు ఇంజిన్‌కు సాయం చేస్తుందంతే, ఒంటరిగా కారును నడపలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇంట్లో ఒకటే కారు, ఊళ్లో పెద్దవాళ్లు ఉన్నారు, ఏ అర్ధరాత్రి ఫోన్ వచ్చినా బయల్దేరాలి అనుకునేవాళ్లు హైబ్రిడ్ తీసుకోండి. సంక్రాంతి రద్దీలో ఛార్జర్ దగ్గర వరసలో నిలబడే ఓపిక లేనివాళ్లకూ అదే మాట. రోజూ గాజువాక నుంచి సిరిపురం తిరుగుతూ, నెలకోసారి అరకో అన్నవరమో వెళ్లేవాళ్లకు, సొంత పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఉంటే, ఈవీని మించింది లేదు. అపార్ట్‌మెంట్‌లో ప్లగ్‌కి అసోసియేషన్ ఒప్పుకోకపోతే మాత్రం ముందు ఆ సంగతి తేల్చుకోండి, షోరూమ్‌కి తర్వాత వెళ్లవచ్చు.

రెండు కార్లూ కింద పార్కింగ్‌లోనే ఉన్నాయి. బావగారు తాళాలు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ప్రశ్నలు అయ్యాక రండి, నడిపి చూడండి.