పాత మౌంటెన్ బైకుకి కొత్త ఫోర్కా? ముందు గడ్డపార లెక్క చూడండి

[తెర మీద: బల్ల మీద పాత స్టీల్ ఫ్రేము, పక్కన తళతళలాడే సస్పెన్షన్ ఫోర్క్]

పాత మౌంటెన్ బైకు చేతికి రాగానే జనం మొదట ఆర్డర్ పెట్టేది సస్పెన్షన్ ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని, గుంటల్లో కుంగి లేచేది. ఆ తర్వాత డిస్క్ బ్రేకులు. డబ్బు తగలేయడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. "ఫోర్క్ మార్చేస్తే సగం కొత్త బైకే కదా" అన్న మాట వింటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఎందుకో ఇవాళ తేల్చేద్దాం.

మన బైకు 1990–94 మధ్యది. స్టీల్ ఫ్రేము, సస్పెన్షన్ లేని ఫోర్క్, కాంటిలీవర్ బ్రేకులు (పొట్టి చేతులతో రిమ్ముని పట్టేవి, ముద్దుగా కాంటి), వెనక 7 గేర్లు, 26 అంగుళాల చక్రాలు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లకి ఇలాంటివి సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కొండల్లో మొదలైన ఈ పిచ్చి 1981లో స్పెషలైజ్డ్ వాళ్ల స్టంప్‌జంపర్‌తో ఫ్యాక్టరీకెక్కింది. రాక్‌షాక్స్ మొదటి ఫోర్క్ వచ్చింది 1989లో. కాబట్టి 1990ల మొదట్లో వచ్చిన ఫ్రేముల్లో చాలావరకు సస్పెన్షన్ లేని ఫోర్కుని లెక్కలో పెట్టుకుని గీసినవే.

ఆ పాత ఫోర్కు పొడవు, అంటే ఇరుసు నుంచి పైన రెండు కాళ్లూ కలిసే క్రౌన్ దాకా, 395 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 26 చక్రానికి వచ్చే 100 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఫోర్కు పొడవు 470 దగ్గర. 75 మి.మీ. తేడా. ఫోర్కు 20 మి.మీ. పెరిగితే హెడ్ యాంగిల్, అంటే ఫోర్కు దూరే ముందు గొట్టం (హెడ్ ట్యూబ్) వాలు, దాదాపు 1 డిగ్రీ పడుకుంటుంది. 71 డిగ్రీలున్న ఫ్రేము 67 దగ్గరికి వస్తుంది. సీటు కూడా అంతే వెనక్కి వాలుతుంది, పెడళ్లు పైకి లేస్తాయి. చిన్నపాటి ఎక్కుడుకే ముందు చక్రం అటూ ఇటూ ఊగిపోతుంది. సీటు మీద బరువు వేస్తే ఫోర్కు కొంత కుంగుతుంది, నిజమే. కానీ అది తిరిగిచ్చేది ఒక డిగ్రీ, మహా అయితే కాస్త ఎక్కువ.

నడక చెడటం ఒక ఎత్తు, ఫ్రేము విరగడం ఇంకో ఎత్తు. గడ్డపారతో రాయి లేపడం అందరూ చూసే ఉంటారు. చేతి వైపు పొడుగు పెరిగేకొద్దీ అవతలి కొన మీద బలం పెరుగుతుంది. ఫోర్కు కూడా గడ్డపారే. కింద చక్రం తోస్తుంది, పైన హెడ్ ట్యూబ్ పెళ్లగించబడుతుంది. 395 కాస్తా 470 అయిందంటే గడ్డపార దాదాపు ఐదో వంతు పొడుగైనట్టు. పల్చటి గొట్టాలతో అతికిన ఆ కీలు మీద, ప్రతి ముందు బ్రేకుకీ, అంత అదనం. "సస్పెన్షన్ దెబ్బని మింగేస్తుంది కదా" అంటారు. చిన్న గుంటల్ని మింగుతుంది. బ్రేకు వేసినప్పుడూ, ఫోర్కు అడుక్కి కొట్టినప్పుడూ ఏమీ మింగదు.

మినహాయింపు లేకపోలేదు. 1990ల మధ్య నుంచి కొన్ని ఫ్రేముల్ని సస్పెన్షన్ ఫోర్కు పొడవు దృష్టిలో పెట్టుకునే గీశారు. ఎలా గుర్తుపట్టాలి? బైకుతో వచ్చిన అసలు ఫోర్కులో టైరుకీ క్రౌన్‌కీ మధ్య సందు చూడండి. ఒక వేలే పడితే పాత లెక్క. నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ కనిపిస్తే ఆ ఫ్రేముకి 63–80 మి.మీ. ట్రావెల్ సరిపోతుంది. అప్పుడు కూడా స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లో దూరే ఫోర్కు గొట్టం) కొలవండి: 25.4 మి.మీ.నా, 28.6నా, అరుదుగా 31.8నా. ఇప్పటి టేపర్డ్ స్టీరర్, అంటే అడుగున లావయ్యేది, వీటిలో దేనిలోనూ దూరదు. ఇక 1990ల నాటి సస్పెన్షన్ ఫోర్కునే బాగుచేద్దామనుకునేవాళ్లు ముందు లోపల ఎలాస్టోమర్లు ఉన్నాయేమో చూడండి. ఆ రబ్బరు దిమ్మలు ఈపాటికి బంకగానో పొడిగానో అయిపోయి ఉంటాయి. కొత్తవి దొరకలేదా, ఆ ఫోర్కు గోడకి తగిలించుకోవడానికే.

ఈ గడ్డపార ఫ్రేము మీద వదిలే గుర్తు ఒకటుంది. కొనేముందే చూసుకోండి.

[తెర మీద: డౌన్ ట్యూబ్ కింద బొటనవేలు నడుపుతున్న క్లోజప్]

హెడ్ ట్యూబ్ వెనక, అక్కణ్ణుంచి పెడళ్ల వైపు దిగే డౌన్ ట్యూబ్ అడుగున బొటనవేలు జరపండి. ఉబ్బు తగిలినా, పెయింటులో అడ్డంగా ముడత కనిపించినా ఆ బైకు ముందుకి గట్టిగా గుద్దుకున్నట్టే. ధర ఎంత తగ్గించినా వద్దు. తుప్పు పైన కనిపించేది పెద్ద లెక్కలోది కాదు, లోపలిది ముఖ్యం. సీటు గొట్టంలోంచి దిగిన నీళ్లన్నీ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) దగ్గర చేరతాయి. దాన్ని విప్పాక లోపల వేలు పెట్టి చూడండి. పొడి రాలితే ఫరవాలేదు, రేకులు రేకులుగా ఊడొస్తే ఆలోచించుకోండి.

ఇప్పుడు బ్రేకులు. నిజంగా తేడా తెలిసే అప్‌గ్రేడ్ ఇక్కడే ఉంది, జనం ఎక్కువగా పాడుచేసేదీ ఇక్కడే. 1996లో షిమానో పొడుగు చేతుల వి-బ్రేకులు తెచ్చింది. కాంటిలీవర్ ఉన్న బాస్‌లకే (బ్రేకు చేతులు తగిలించడానికి ఫ్రేముకీ ఫోర్కుకీ అతికిన పిడులు) అవి చాలావరకు ఎక్కుతాయి. ఎక్కాయి కదా అని పాత లీవర్లనే ఉంచేస్తారు. అక్కడే చిక్కు.

బ్రేకులో గడ్డపారలు రెండు. ఒకటి చేతి దగ్గరి లీవరు, రెండోది రిమ్ము దగ్గరి బ్రేకు చెయ్యి. కాంటి లీవర్లో కేబులు కీలుకి దగ్గరగా ఉంటుంది. అంటే బలం ఎక్కువ, లాగే కేబులు తక్కువ. వి-బ్రేకు లీవర్లో కీలుకి దూరంగా ఉంటుంది. కేబులు దాదాపు రెండింతలు లాగుతుంది, ఆ మేరకు బలం తక్కువ. రిమ్ము దగ్గర దీనికి తలకిందులు. వి-బ్రేకు చెయ్యి పొడుగు, బలం అక్కడ పుడుతుంది. కాంటి చెయ్యి పొట్టి. ఒక చోట పొడుగు గడ్డపార, ఇంకో చోట పొట్టిది. రెండూ కలిస్తేనే లెక్క సరిపోతుంది.

పాత కాంటి లీవరుకి వి-బ్రేకు తగిలిస్తే రెండు చోట్లా పొడుగు గడ్డపారలే. బలం విపరీతం, కదలిక చాలదు. రబ్బర్లు రిమ్ముని తాకేలోపే లీవరు హ్యాండిలుకి ఆనుకుంటుంది. వెంట్రుకవాసి సందుతో సర్దితే పట్టుకుంటుంది కానీ చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, రిమ్ము కాస్త వంకరున్నా రాసుకుంటూనే ఉంటుంది. తిప్పి చేస్తే, అంటే కాంటి బ్రేకుకి వి-లీవరు పెడితే, రెండు చోట్లా పొట్టివే. లీవరు చేతికి రాయిలా గట్టిగా తగులుతుంది. "అబ్బ, బ్రేకు ఎంత గట్టిగా ఉందో" అని మురిసిపోతారు. బండి మాత్రం ఆగదు. గట్టిగా తగలడం మంచి బ్రేకుకి గుర్తు అని ఎవరు చెప్పారో గానీ, ఆ మాట ఇంకా నడుస్తోంది.

కాబట్టి వి-బ్రేకులు వేస్తే లీవర్లు కూడా అవే కొనండి. పాత హ్యాండిలు 22.2 మి.మీ. పట్టు ఇప్పటికీ మారలేదు, లీవర్లు ఇబ్బంది లేకుండా ఎక్కుతాయి. లీవరూ గేరు షిఫ్టరూ ఒకే ముక్కగా వచ్చిన బైకుల్లో షిఫ్టర్లు కూడా విడిగా కొనాల్సొస్తుంది, ఆ ఖర్చు ముందే వేసుకోండి. బాస్‌ల మధ్య దూరం 80 మి.మీ. దగ్గర ఉండాలి. మరీ పాత ఫ్రేముల్లో ఇరుకుగా ఉంటే చేతులు బయటికి వాలతాయి. ఇంకో ఉచ్చు: 1980ల మధ్యలో కొన్నాళ్లు వెనక బ్రేకుని చెయిన్‌స్టే (పెడళ్ల నుంచి వెనక ఇరుసుకి వెళ్లే గొట్టం) కింద పెట్టే ఫ్యాషన్ నడిచింది, యు-బ్రేకు అంటారు. దాని బాస్‌లు రిమ్ముకి ఇరుసు వైపు కాకుండా అవతల ఉంటాయి. అక్కడ కాంటీ ఎక్కదు, వి కూడా ఎక్కదు.

డిస్కు సంగతి రెండు ముక్కల్లో. రిమ్ బ్రేకు బలం స్టేల (వెనక చక్రాన్ని పట్టుకునే సన్న గొట్టాల) పైభాగంలో, బాస్‌ల దగ్గర పడుతుంది. డిస్కు కాలిపరు (డిస్కుని పట్టే భాగం) బలం ఇరుసు పక్కనే, స్టే కొసన పడుతుంది. ఆ సన్నటి గొట్టం దాని కోసం చేసింది కాదు. బోల్టులతో బిగించే అడాప్టర్లు అమ్ముతారు. నేనైతే వద్దంటాను.

[తెర మీద: వైసులో బిగించిన సీట్ పోస్టు, తలకిందులుగా ఫ్రేము]

సీట్ పోస్ట్ ఇరుక్కుపోవడం. స్టీలు గొట్టంలో అల్యూమినియం పోస్టు, మధ్యలో గ్రీజు లేకుండా ఏళ్లు గడిచాయి, తేమ తగిలింది. అల్యూమినియం ఆక్సైడు ఉబ్బి పట్టేసింది. సీటు పట్టుకుని తిప్పకండి, పోస్టు తల విరుగుతుంది. క్లాంపు బోల్టు తీసేసి, పెనెట్రేటింగ్ ఆయిలు పై అంచున పోయండి. బాటమ్ బ్రాకెట్ తీశాక ఫ్రేముని తిరగేసి లోపలి నుంచి కూడా పోయండి. ఒకటి రెండు రోజులు వదిలేయండి. తర్వాత సీటు తీసి, పోస్టు తలని బల్లకి బిగించిన వైసులో పట్టించి, ఫ్రేమునే తిప్పండి. ఇప్పుడు ఫ్రేమే మీ గడ్డపార. వేడి చేయమని సలహా ఇస్తారు, పొరపాటు. వేడికి అల్యూమినియం స్టీలుకన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుస్తుంది. చల్లబరిస్తే సందు వస్తుంది, పోస్టు మీద ఐస్ పెట్టండి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది నిజమే, కానీ హైడ్రోజన్ పుడుతుంది, కళ్లకి ప్రమాదం. ఇంట్లో ఆ ప్రయోగం వద్దు.

కొత్త పోస్టు కొనేముందు వెర్నియర్‌తో కొలవండి. 26.4, 26.6, 26.8, 27.0, 27.2 అన్నీ ఉన్నాయి. 27.2 గొట్టంలో 26.8 పెట్టి బోల్టు బిగించేస్తే క్లాంపు చెవులు వంగి, గొట్టం పగులుతుంది.

టైము అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

బాటమ్ బ్రాకెట్: చెయిన్ వైపు కప్పుకి ఎడమ మర. గడియారం ముల్లు వైపు తిప్పితేనే ఊడుతుంది. షెల్లు వెడల్పు 68 మి.మీ.నా 73నా కొలవండి, పాత ఇరుసు పొడవు రాసుకోండి, అదే కొలతలో సీల్డ్ కార్ట్రిడ్జి వేసేయండి. క్రాంకు (పెడలు చెయ్యి) ఊడదీసే పుల్లరు మర పూర్తిగా లోపలికి ఎక్కాకే తిప్పాలి.

హబ్బులు: ముందు చక్రానికి పక్కకి 10 చొప్పున 3/16 అంగుళం బాల్సు, వెనక పక్కకి 9 చొప్పున పావు అంగుళంవి. బాల్సు కొత్తవి వేయండి. బాల్సు దొర్లే కోను మీద గుంట పడి ఉంటే కోను కూడా మార్చాల్సిందే.

టైర్లు: కావాల్సింది 559, అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం మి.మీ.లో. దశాంశంలో రాసిన 26×2.1 అయితే సరే. భిన్నంలో రాసిన 26×1⅜, 26×1½ వేరే రిమ్ముకి. మన ఊరి షాపులో ఊరికే "26 టైరు" అని అడిగితే ఆ భిన్నంది చేతిలో పెట్టొచ్చు. మంచి 2.1 టైర్లు కొంటే చాలా ఫోర్కుల కన్నా ఎక్కువ మేలు.

గేర్లు: షిమానో 7, 8, 9 స్పీడ్ మౌంటెన్ వెనక డిరేలర్లు (చెయిన్‌ని పళ్ల మీద మార్చేవి) ఒకదాని బదులు ఒకటి పనిచేస్తాయి, 10 స్పీడ్‌వి కలవవు. 7 స్పీడ్ ఫ్రీహబ్ బాడీ (వెనక పళ్ల చక్రాలు ఎక్కే భాగం) పొట్టి, దాని మీద 8 స్పీడ్ కేసెట్టు (ఆ పళ్ల చక్రాల గుత్తి) పూర్తిగా కూర్చోదు. ఫ్రేములో వెనక హబ్బు దూరే సందు 130 మి.మీ. ఉంటే 135 హబ్బు స్టీలు ఫ్రేములో చేత్తో లాగి దూర్చొచ్చు. అల్యూమినియంలో ఆ పని చేయకండి.

షిఫ్టరు క్లిక్కు పడటం లేదా? పారేయకండి. లోపల గ్రీజు గట్టిపడి పాల్స్ (క్లిక్కు పట్టే చిన్న కొక్కేలు) అంటుకుపోయాయంతే. మూత తీసి కిరసనాయిలో డబ్ల్యూడీ-40నో ధారాళంగా కొట్టి, లీవర్లు నొక్కుతూ పోండి. కాసేపటికి టిక్ టిక్ మొదలవుతుంది. ఆరాక పల్చటి నూనె రెండు చుక్కలు వేయండి.

చివరగా కేబుళ్లు. గేరు కేసింగులో (కేబులు మీది తొడుగులో) తీగలు నిలువుగా ఉంటాయి, బ్రేకు కేసింగులో చుట్టలుగా. గేరు కేసింగు మిగిలింది కదా అని బ్రేకుకి వాడొద్దు. గట్టిగా నొక్కినప్పుడు ఆ నిలువు తీగలు తొడుగు చీల్చుకుని బయటికొస్తాయి, అదీ దిగుడులో.