బడితోట గ్రాంటు: ముందు కంచె, నీళ్లు, ఆ తర్వాతే విత్తనాలు

అందరికీ నమస్కారం. హెచ్‌ఎంలు, సైన్సు టీచర్లు, బడి కమిటీ సభ్యులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు ఉన్నారు కాబట్టి డబ్బు సంగతితోనే మొదలుపెడతాను.

పాఠశాల పోషకాహార తోటలకు కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యాహ్న భోజన పథకంలో స్థానిక అవసరాలకు వాడుకునే ఫ్లెక్సీ నిధుల నుంచి ఒక్కో తోటకు 5,000 రూపాయల లెక్కన విత్తనాలు, పనిముట్లు, ఎరువు కొనుక్కోవచ్చన్నారు. 2021లో ఆ పథకమే పీఎం పోషణ్ అయింది. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్షలో ఎకో క్లబ్ (పిల్లల పర్యావరణ సంఘం) నిధులు వేరే ఉన్నాయి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్ము కావాలంటే దరఖాస్తు చేసే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లతో పాటు కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్‌ఆర్-1 నంబరు కూడా ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఈ నంబరు తప్పనిసరి. సొంతంగా రిజిస్ట్రేషన్ లేని బడి, అవి ఉన్న సంస్థతో కలిసి అడగడం మేలు.

ఇక దరఖాస్తు. చాలావాటిలో విత్తనాలు, మొక్కలు, బోర్డు పెద్ద పద్దులుగా కనిపిస్తాయి. కంచె, నీళ్లు చివరి వరుసలో ఉంటాయి, లేదా అసలుండవు. బడితోటలు పోయేది మాత్రం సరిగ్గా ఈ రెండింటి వల్లే. ఆకుకూర విత్తనాలు చౌక, కృషి విజ్ఞాన కేంద్రాన్నో ఉద్యాన శాఖనో అడిగితే సాయం కూడా అందుతుంది. మేకలు ఒక్క పూట లోపలికొస్తే మాత్రం నెల పంట పోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పుతో పది మళ్లు చేద్దాం. వెడల్పు అంతకు మించితే పిల్లల చెయ్యి నడిమికి అందదు, మట్టి తొక్కేస్తారు, వేర్లకు గాలి ఆడదు. నడిచే దారులతో కలిపి ఎనిమిది మీటర్ల చదరం సరిపోతుంది. చుట్టుకొలత 32 మీటర్లు. రెండున్నర మీటర్లకో గుంజ చొప్పున పదమూడు, తలుపుకి అదనంగా ఒకటి. దరఖాస్తులో ఈ కొలతలు కనిపిస్తే పరిశీలించేవారికి ఇది ఊహ కాదని తెలుస్తుంది.

నీళ్లు: ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లనుకుంటే 30 చదరపు మీటర్లకు 150. పళ్లేలు కడిగిన నీళ్లతో సరిపెడతామని రాయకండి. వాటిలో నూనె, సబ్బు ఉంటాయి. ఆ నీటిని అరటి, బొప్పాయి, మునగ పాదులకు కాలువ కట్టి మళ్లించండి. ఆకుకూరలకు మంచినీళ్లే పెట్టాలి. రోజూ అన్ని నీళ్లు రాకపోతే మళ్లు ఐదుకు తగ్గించి అడగండి. చిన్న తోట బతికితే చాలు.

అందరూ మరిచే పేజీ ఒకటుంది: ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఆ ఏడు వారాలు తోట ఎవరిది? వంట ఏజెన్సీ మహిళలకో, పక్కింటి కుటుంబానికో అప్పగించి, పంట వాళ్లదేనని ఒప్పుకొని, బడి కమిటీ తీర్మానం చేసి జతపరచండి. డబ్బు ఫిబ్రవరిలో చేతికొస్తే విత్తనాల జోలికి పోవద్దు. కంచె, పైపులు, కంపోస్టు గుంత ఆ వేసవిలోనే ముగించండి, జూన్‌లో విత్తండి. మార్చి 31లోగా ఖర్చు చూపాలన్న తొందరలో నాటిన మొక్కలు మే ఎండకు మిగలవు.

ఇది విద్యా ప్రాజెక్టు కాబట్టి పాఠం కూడా రాయాలి. "పర్యావరణ స్పృహ పెంచుతాం" అన్న వాక్యం ఏమీ చెప్పదు. తడిగుడ్డలో వంద గింజలు చుట్టి ఎన్ని మొలిచాయో ఆరో తరగతి లెక్కిస్తుంది, అది శాతాల పాఠం. సన్నటి తోటకూర విత్తనాన్ని పది రెట్ల ఇసుకతో కలిపి చల్లుతుంది, అది నిష్పత్తి. కోసిన కూరను తూచి వంటగది పుస్తకంలో రాయించి సంతకం పెట్టించండి. ఏ తరగతి, ఏ వారం, ఏ టీచరు అన్నది పట్టికగా ఇవ్వండి.

చివరిగా యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం. గ్రాంటుకు ప్రత్యేక రిజిస్టరు పెట్టండి. మంజూరైన పద్దుల వరుసలోనే బిల్లులు అతికించండి. గుంజల సొమ్ము పైపులకు వాడాల్సి వస్తే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. మరుసటి ఏడాది అడిగేటప్పుడు వంటగది తూకాల పుస్తకం నకలు జతచేయండి.