వేసవికి అమ్మమ్మగారి ఊరెళ్తూ జేబులో వేసుకునే కెమెరా: రికో జీఆర్ 3 రివ్యూ

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళేటప్పుడు ఏ కెమెరా పట్టుకెళ్ళమంటారు అని చాలామంది అడుగుతున్నారు. నా జవాబు రికో జీఆర్ 3. ఇది 2019లో వచ్చిన కెమెరా. దీని మీద రివ్యూలు బోలెడున్నాయి కాబట్టి నేను ఒకే ఒక్క పనికి పెట్టి చూశాను. హైదరాబాదు నుంచి కోనసీమలో మా అమ్మమ్మగారి ఊరెళ్ళడం, అక్కడ నాలుగు రోజులు అందరితో గడపడం, మళ్ళీ బండెక్కడం. టెస్ట్ చార్టులు, ల్యాబ్ లెక్కలు ఇందులో ఉండవు. నేను చెప్పే ఫోటోలన్నీ మా ఇంట్లోవాళ్ళవే. వాళ్ళని అడిగాకే వాటి గురించి రాస్తున్నాను.

ముందు కెమెరా సంగతి గబగబా చెప్పేస్తాను. సెన్సర్, అంటే ఫోటో పడే చిప్, ఏపీఎస్-సీ సైజుది, 24 మెగాపిక్సెళ్ళు. డీఎస్ఎల్ఆర్ అనే పెద్ద కెమెరాల్లో చాలావాటికి ఉండే సైజే. లెన్స్ మార్చే వీలు లేదు, జూమ్ లేదు. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు) లెక్కలో 28 ఎంఎం, అంటే వెడల్పుగా చూపించే లెన్స్. ఎఫ్ 2.8 దాకా తెరుచుకుంటుంది; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై వెలుగు తగ్గుతుంది, స్పష్టంగా వచ్చే దూరం పెరుగుతుంది. బ్యాటరీ, కార్డు వేశాక బరువు 257 గ్రాములు. చొక్కా జేబు కొంచెం సాగుతుంది గానీ లాల్చీ జేబులో హాయిగా పడుతుంది. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు, స్క్రీన్ పైకీ కిందకీ తిరగదు. వానకి, దుమ్ముకి సీలింగ్ కూడా లేదు. ఇన్ని లేనివి చెప్పాక కూడా ఊరికి ఇదే పట్టుకెళ్ళమంటున్నానంటే, దానికి కారణం మా ఇంట్లో మనుషులే.

పెద్ద కెమెరా, పెద్ద లెన్స్ తీస్తే మా అమ్మమ్మ వెంటనే చేస్తున్న పని ఆపేసి, కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుంటుంది. మావయ్య వెళ్ళి చొక్కా వేసుకుని వస్తాడు. అవి కూడా దాచుకోవలసిన ఫోటోలే. కానీ ఆవిడ కబుర్లు చెబుతూ చింతపండు ఈనెలు తీసే తీరు, పళ్ళెం వైపు చూడకుండానే వేళ్ళు నడిచే తీరు అందులో దొరకవు. ఫోన్ తీస్తే పిల్లలు ఎగబడతారు. ముందు మాకు చూపించు అంటారు, తర్వాత గేమ్ పెట్టమంటారు. ఈ నల్లటి చిన్న డబ్బాని మాత్రం మొదటి రోజు సాయంత్రానికే ఎవరూ పట్టించుకోవడం మానేశారు. అక్కడి నుంచి మొదలయ్యాయి అసలు ఫోటోలు.

ముందు ఒక ఫోటో సంగతి. ఆవకాయ పెట్టే రోజు. మా ఇంట్లో అది ఒక పూట సాగే పని. పొద్దున్నే కాయలు కడిగి, తుడిచి, ఆరబెడతారు. మావయ్య కత్తితో టెంకతో సహా నరుకుతూ ఉంటే, పిన్ని, అత్త జీడి తీసి, లోపలి పొర ఊడదీసి, ముక్కల్ని పొడి గుడ్డతో తుడిచి పాత పంచె మీద పరుస్తారు. అమ్మమ్మ పాళ్ళు చూస్తుంది. కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, పప్పు నూనె. ఎవరు ఎంత చెప్పినా చివరికి ఆవిడ చెయ్యి పడితేనే జాడీలోకి వెళుతుంది.

ఫోటోగ్రాఫర్‌కి ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి ఎరుపు. ఎండలో గుట్టగా పోసిన కారం ఎంత గాఢంగా ఉంటుందంటే, మిగతా ఫోటో సరిగ్గా వచ్చినా ఎరుపు ఒక్కటీ సెన్సర్ పట్టగల హద్దు దాటిపోతుంది. అప్పుడు కారంలో పొడి కనిపించదు, ఎర్రటి రంగు పూసినట్టు ఉంటుంది. స్క్రీన్ మీద మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) బాగానే ఉందనిపిస్తుంది, దాన్ని నమ్మకండి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుగు, మైనస్ 0.7 పెట్టి, రా ఫైల్ (సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే ఫైల్) కూడా ఉంచుకోండి. ఇందులో రా ఫైళ్ళు డీఎన్‌జీ రకం, చాలా ఫోటో సాఫ్ట్‌వేర్‌లలో తెరుచుకుంటాయి. రంగుల సెట్టింగుల్లో పాజిటివ్ ఫిల్మ్ అని ఒకటుంది, అందరికీ ఇష్టమైనది. పచ్చని కొబ్బరితోటలకి చాలా బాగుంటుంది, ఆవకాయ రోజున మాత్రం పక్కన పెట్టండి. చేతుల రంగు, కారం రంగు కలిసిపోతున్నాయి.

రెండోది వెలుగు. మాది పాత మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం కనిపిస్తుంది, చుట్టూ వసారా. పదకొండు దాటితే మండువాలోకి ఎండ నిలువుగా పడుతుంది. ఆ ఎండలో కూర్చున్న మనిషి కళ్ళు నీడలో గుంటల్లా అయిపోతాయి. అదే మనిషి రెండడుగులు వెనక్కి, వసారా అంచున కూర్చుంటే, నేల మీద నుంచి తిరిగొచ్చే వెలుగు కింద నుంచి మెత్తగా ముఖం మీద పడుతుంది. మా పిన్ని ఫోటో అలా వచ్చిందే. నేను ఎవర్నీ జరగమనలేదు. ఎండ జరిగేకొద్దీ వాళ్ళే నీడలోకి జరుగుతారు, కాస్త ఓపిక పట్టాలంతే.

ఈ కెమెరాకి ఉన్న గొప్ప గుణం స్నాప్ ఫోకస్. ముందే ఒక దూరం సెట్ చేసి పెట్టుకోవచ్చు. తర్వాత షటర్ ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే, ఫోకస్ కోసం వెతక్కుండా ఆ దూరానికే ఫోటో తీసేస్తుంది. ఆరుబయట రెండు మీటర్లు, ఎఫ్ 8 పెడితే ఇంచుమించు మీటరు దూరం నుంచి ఇరవై మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. వసారాలో వెలుగు తక్కువ కాబట్టి మీటరున్నర, ఎఫ్ 5.6 పెడతాను. అప్పుడు మీటరు నుంచి మూడు మీటర్ల లోపు దాకా పనికొస్తుంది. పక్కింటి పిల్లాడు మామిడిపళ్ళ బకెట్‌లో చెయ్యి పెట్టి, పండు తీసుకుని పరిగెత్తే లోపల ఆటోఫోకస్ ఎక్కడో గోడ మీద ఆగితే ఫోటో పోయినట్టే. ఇందులో అలా పోదు. ఇంటి ఫోటోలకి ఇంతకంటే పనికొచ్చే సదుపాయం ఇంకో కెమెరాలో నాకు కనిపించలేదు.

28 ఎంఎంతో ఇబ్బందులు కూడా చెప్పాలి. ఫ్రేము అంచుల్లో ఉన్న ముఖాలు సాగుతాయి. బంతి భోజనాల వరుసని చివర నుంచి తీస్తే దగ్గరున్న దొడ్డమ్మ చెంప వెడల్పుగా, దూరంగా ఉన్న తాతయ్య చిన్న పిల్లాడిలా కనిపిస్తారు. పెద్దవాళ్ళని ఫ్రేము మధ్యలో ఉంచండి, మీటరు కంటే దగ్గరికి పోకండి. కెమెరాలో ఫోటో మధ్య భాగాన్నే ఉంచి దగ్గరగా చూపించే 35, 50 క్రాప్ మోడ్‌లున్నాయి. 50లో దాదాపు ఏడు మెగాపిక్సెళ్ళే మిగులుతాయి, అయినా భయం లేదు. నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన రెండు మెగాపిక్సెళ్ళ పైచిలుకు చాలు. మీరు ఎక్కువగా ముఖాలే తీస్తారనుకుంటే 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్ చూడండి, అది 40 ఎంఎం, కాస్త దగ్గరగా చూపిస్తుంది. నాకైతే మనిషితో పాటు ఇల్లు కూడా కావాలి. గోడకి ఉన్న క్యాలెండరు, దండెం మీద తువ్వాళ్ళు, మూల నిలబెట్టిన నులక మంచం, అన్నీ కావాలి. పాత ఆల్బములు తీసినప్పుడు మా వాళ్ళు ముందు మాట్లాడేది వెనకాల కనిపించే వస్తువుల గురించే. అదిగో మన పాత రేడియో, అదిగో అప్పటి గాదె అంటారు.

కాలవ దగ్గర క్రికెట్‌కి ఇది పనికిరాదు. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు కదా, నీళ్ళు తగ్గిన చోట పిల్లలు వికెట్లు పాతేస్తారు. గట్టు మీద నుంచి తీస్తే చీమల్లా వస్తారు. అక్కడికి జూమ్ లెన్స్ కావాలి. వీడియోకి కూడా ఫోనే వాడండి, ఇందులో ఫుల్ హెచ్‌డీ దాకానే ఉంది.

ఇప్పుడు ప్రయాణం. సికింద్రాబాదు నుంచి రాజమండ్రికి 2023లో వచ్చిన వందే భారత్ ఉంది, రాత్రి బండ్లున్నాయి. ఫోటోల కోసమైతే కిటికీ తెరుచుకునే పగటి బండి ఎక్కండి. ఏసీ పెట్టెల్లో రెండు పొరల అద్దం, దానికో రంగు, పైగా లోపలి లైట్లన్నీ అందులో కనిపిస్తాయి. తప్పదంటే లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించి, చుట్టూ నల్లటి బట్ట కప్పండి. లెన్స్ చిన్నది కాబట్టి జేబురుమాలు చాలు.

కొవ్వూరు దాటాక గోదావరి. ఇప్పుడు బండ్లు వెళ్ళే ఆర్చి వంతెన కాంక్రీటుది, 28 విల్లులు, పొడవు 2.7 కిలోమీటర్ల పైనే. పక్కనే 1900లో మొదలైన పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది, 1997 నుంచి దాని మీద బండ్లు ఆపేశారు. మా పెట్టెలో నది రాగానే సగం మంది చేతులు కిటికీ దగ్గరికి వచ్చేశాయి, వేళ్ళ మధ్య రూపాయి బిళ్ళలు. నాకు కావలసింది ఆ చేతులే. లోపల చీకటి, బయట నది తళతళలాడుతూ ఉంటుంది, రెండూ ఒకే ఫోటోలో పట్టవు. మీటరింగ్‌లో, అంటే కెమెరా వెలుగు కొలిచే పద్ధతుల్లో, హైలైట్ వెయిటెడ్ అని ఉంటుంది, అది పెట్టండి. నది వెలుగు నిలబడుతుంది, చెయ్యి నల్లటి నీడలా వస్తుంది, బిళ్ళ అంచు మెరుస్తుంది. షటర్ 1/1000 సెకను పెడితే విల్లుకి వేలాడే కడ్డీలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అదే 1/60కి తగ్గించి, లోపలే ఉన్న, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వేస్తే కడ్డీలు గీతల్లా కరిగిపోయి బండి వేగం తెలుస్తుంది. నాకు రెండోదే నచ్చింది. కెమెరాని చేతికి పట్టీతో కట్టుకోండి, కిటికీ ఊచల బయటకి చెయ్యి పెట్టకండి, తలుపు దగ్గర నిలబడి తీయకండి. పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

రాజమండ్రిలో దిగగానే ఇంకో జాగ్రత్త. ఏసీ పెట్టెలో వస్తే, ప్లాట్‌ఫారం మీదికి రాగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. మన తీరం గాలిలో తేమ అంత ఉంటుంది. కెమెరాని సంచిలోనే మూసి ఉంచి, ఓ పావుగంట తర్వాత తీయండి. తుడుస్తూ కూర్చుంటే మళ్ళీ మళ్ళీ పడుతూనే ఉంటుంది. ఏసీ గదిలో పెట్టుకుని పడుకుని తెల్లారి పెరట్లోకి తెచ్చినా ఇంతే.

రాత్రి ఫోటోలు నేను అనుకున్న దానికంటే బాగున్నాయి. మేడ మీద పక్కలు వేసుకుని తాటిముంజలు తింటున్న ఫోటో ఐఎస్ఓ (తక్కువ వెలుగులో పెంచుకునే సెట్టింగు) 3200. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు గరుకు) ఉంది, ముఖాలు బాగున్నాయి. స్టెబిలైజేషన్ మన చెయ్యి వణికితే ఆపుతుంది, పిల్లల ఆటని ఆపలేదు, అది గుర్తుపెట్టుకోండి. ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోన్‌లో పడే అడ్డగీతలు ఇందులో పడవు, ఎందుకంటే దీనిది లీఫ్ షటర్, లెన్స్‌లోనే ఉండి ఫోటో మొత్తానికి ఒకేసారి తెరిచి మూస్తుంది. ఒక ఫోటో వెలుగ్గా, ఒకటి మసగ్గా వస్తుంటే మాత్రం షటర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అక్కడ సమంగా వస్తాయి.

బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే 200 ఫోటోలు. ఊళ్ళో అది మధ్యాహ్నం భోజనాల దాకా వస్తుంది. అదనంగా రెండు కొనండి. యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉంది కాబట్టి పవర్‌బ్యాంక్‌తో కూడా ఛార్జ్ చేసుకోవచ్చు.

ఇక ప్రింట్లు. ఇందులో ఫోటో కొలత మూడుకి రెండు, అంటే నాలుగు బై ఆరు కాగితం మీద ఏమీ కత్తిరించకుండా సరిగ్గా కూర్చుంటుంది. ఫోన్ ఫోటోలు చాలావరకు నాలుగుకి మూడు. అదే కాగితం మీద వేయిస్తే స్టూడియోవాళ్ళ మెషిన్ పైనా కిందా కోసేస్తుంది, వెనక వరుసలో నిలబడ్డవాళ్ళ తలలు పోతాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అన్నింటికంటే ముఖ్యం, ఊరు విడిచేలోపు పక్క టౌన్‌లో కొన్ని ప్రింట్లు వేయించి పెద్దవాళ్ళ చేతిలో పెట్టండి. అమలాపురంలో వేయించి తెచ్చి మా అమ్మమ్మకి ఇచ్చాను. ఆవిడ ఒక్కో ఫోటో పట్టుకుని, ఇదెవరిదిరా ఈ చెయ్యి, మీ అత్తదేనా అని అడుగుతుంటే నేను వెనకాల మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, తేదీ, ఊరు రాశాను. పెన్ను వాడకండి, సిరా కింద ఫోటోకి అంటుకుంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా రాయండి. మా ఇంట్లో ఒక పాత గ్రూప్ ఫోటోలో ఇద్దరు ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు.

కొనాలా వద్దా? మంచి ఫోన్ ఉండి, ఏడాదికోసారి నాలుగు ఫోటోలు తీసేవాళ్ళకి అక్కర్లేదు, ఆ డబ్బుతో ప్రింట్లు వేయించండి. ఫోటోలంటే ఇష్టం ఉండి, పెద్ద కెమెరా బ్యాగులోంచి తీయడానికి మొహమాటపడేవాళ్ళకి మాత్రం గట్టిగా చెబుతాను, తీసుకోండి. 2025లో జీఆర్ 4 వచ్చింది, స్టెబిలైజేషన్ మెరుగైంది, లోపలే 53 జీబీ స్టోరేజ్ ఉంది, కార్డు మాత్రం మైక్రో ఎస్‌డీ. బడ్జెట్ అందితే అదే. జీఆర్ 3 సెకండ్‌హ్యాండ్‌లో చూస్తుంటే, లెన్స్ లోపలికీ బయటికీ కదిలే కెమెరా కాబట్టి దుమ్ము పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వకండి. ఎఫ్ 16 పెట్టి, మబ్బులేని ఆకాశాన్ని గానీ తెల్ల గోడని గానీ తీయండి. ఫోటోని పెద్దది చేసి మూలమూలా చూడండి. బూడిదరంగు మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టే, దాన్ని ఇంట్లో తుడవలేం, సర్వీసుకి ఇవ్వాలి. ఆ ఖర్చు తగ్గించి బేరమాడండి, లేదా ఇంకోటి చూసుకోండి.

మీ ఊరి ఫోటోల మీద ప్రశ్నలుంటే ఏ వెలుగులో, ఏ సెట్టింగుతో తీశారో కూడా రాయండి, చూసి జవాబిస్తాను. ఉంటానండి.