పొగ కొలిచే పెట్టెను ఎక్కడ కట్టుకోవాలి?

యాంకర్: జనగామ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. కట్టెల పొయ్యి మీద వండే ఆడవాళ్లు ఎంత పొగ పీలుస్తున్నరో కొలుస్తున్నం. నడుముకు పీఎం 2.5 సెన్సర్, అంటే పొగల ఉండే అతి సన్నటి నుసిని కొలిచే పెట్టె కట్టినం, ఫోన్‌ల జీపీఎస్ యాప్ పెట్టినం. రెండో రోజుకే సగం డేటా వస్తలేదు.

నిపుణురాలు: ఫోన్ ఆమె ఒక్కదానిదేనా? చాలా ఇళ్లల్లో పొద్దున భర్తతో పొలానికి, సాయంత్రం పిల్లల చేతికి పోతుంది. అప్పుడు జీపీఎస్‌లో కనిపించేది ఫోన్ తిరిగిన దారే. ముందు అదే అడిగి తెలుసుకోండి. ఇక కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదాకని వెనకాల నడిచే యాప్‌ను ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ కట్టడి తీసేయండి. జీపీఎస్ నిమిషానికోసారి తీసుకుంటే చాలు.

శ్రోత: సెన్సర్‌ను కూడా తీసి గూట్లె పెడుతున్నరు మేడం.

నిపుణురాలు: పెట్టరా మరి! వంగి పొయ్యి ఊదేటప్పుడు నడుముకు ఒత్తుకుంటుంది. పైగా ముక్కుకు సుమారు 30 సెంటీమీటర్ల లోపు ఉంటేనే పీల్చే గాలి కొలిచినట్టు. భుజం మీద పెడితే కొంగు పడి గాలి రంధ్రం మూసుకుపోతుంది. అందుకే ముందు అట్టపెట్టెలో సెన్సర్ అంత బరువు ఇసుక పోసి, ఆరేడుగురికి రెండు రోజులు ఇవ్వండి. నీళ్లు మోసేటప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఎక్కడ అడ్డమో వాళ్లే చూపిస్తారు. ఎక్కడ కట్టాలో కూడా వాళ్లనే తేల్చనివ్వండి.

శ్రోత: ఈ పెట్టె మా మాటలు వింటదా అని అడుగుతున్నరు.

నిపుణురాలు: లోపల చిన్న ఫ్యాన్ గుయ్యిమంటుంటే అనుమానం రాదా? వాళ్ల ముందే మూత తీసి ఫ్యాన్ చూపించండి. యాప్‌కు మైకు అనుమతి అసలు పెట్టకండి. "కాసేపు ఆపు" బటన్ ఇవ్వండి. కానీ ఆమె ఆపిన సమయాన్ని, చార్జింగ్ అయిపోయిన సమయాన్ని వేర్వేరు గుర్తులతో నమోదు చేయండి. లేకపోతే ఖాళీ ఎందుకొచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

శ్రోత: అంకెలు నమ్మొచ్చా?

నిపుణురాలు: ఈ చవక లేజర్ సెన్సర్లు గాలిలో తేమ పెరిగితే ఎక్కువ చూపిస్తాయి, కట్టెల పొగకు కంపెనీ లెక్క సరిపోదు. పని మొదలయ్యే ముందు, అయ్యాక అన్నింటినీ ఒకే వంటింట్లో, ఫిల్టర్ పంపు, అంటే గాలిని లాగి నుసిని తూకం వేయడానికి ఫిల్టర్ మీద పట్టే పంపు, పక్కన నడిపి సరిచూడండి. ఫలితాలు మాత్రం ఎవరివి వాళ్లకే, ఒంటరిగా ఉన్నప్పుడు చూపించండి. ఏ పూట ఎక్కడున్నదీ అత్తగారి ముందు బయటపడకూడదు.